జారుడులోని జవము

డెట్రాయిట్ నడిబొడ్డు నుండి వాయవ్యదిశగా పాంటియాక్ పట్టణము వరకు సాగిపోవు వుడ్‌వర్డ్ రాజమార్గమున, ఏటేట ఆగస్టు మాసపు మూడవ శనివారమునాడు, 1960లలో పుట్టిన అమెరికా కార్లు వేలకొలదిగా బారులు తీరును. ఫెర్న్‌డేల్ అను చిన్న ఊరివారు పిల్లల సాకర్ మైదానమునకు ధనము కూడబెట్టుటకై 1995లో ఆరంభించిన ఈ ఊరేగింపు, కాలక్రమమున ఆ ప్రాంతమునకెల్ల పెద్ద పండుగయై కూర్చున్నది. ఆ కార్లు యౌవనములో నున్న దినములలో ఇదే మార్గమున రాత్రివేళల ఒక ఎఱ్ఱదీపము నుండి మరియొక ఎఱ్ఱదీపము వరకు పందెములు సాగెడివి. కంపెనీల ఇంజనీర్లే తమ కొత్త బండ్లను గుట్టుగా తెచ్చి అచట పరీక్షించుకొనెడివారు. నేటి ఉత్సవమున పందెమునకు తావు లేదు. ఎండ మండిపోవుచుండగా, ముందటి బండి వెనుకభాగమును చూచుచు, పాదచారి కంటె మెల్లగా, గంటలతరబడి ఆగుచు కదలుచు పోవుటయే అందలి వినోదము. మూడు నాలుగు వందల అశ్వశక్తి గల ఇంజను గేరులో నుండియు బ్రేకుచే నిలువరింపబడి గురగురలాడుచుండు ఆ సమయముననే, బండి యజమాని వివేకవంతుడా అత్యాశాపరుడా యను సంగతి బయటపడును. దానిని బయటపెట్టునది ఇంజనునకును గేరుపెట్టెకును నడుమ ఎవరి కంటను పడక తిరుగుచుండు ఒక గుండ్రని ఉక్కుడొల్ల. దాని పేరు టార్క్ కన్వర్టరు.

పాత బండిని ముచ్చటపడి కొనినవాడు మొదట కార్బురేటరును మార్చును, పిమ్మట కామ్‌షాఫ్టును మార్చును, చక్రములకు తళతళలాడు రిమ్ములు తొడిగించును. ఇన్నియు ముగిసి చేతిలో డబ్బు అడుగంటిన వేళ, అంగడివాడు చూపిన పెట్టెపై నున్న అంకెను చూచి కన్వర్టరును కొనును. ఈ క్రమమే తలక్రిందులు. ఆ పెట్టెపై నున్న అంకె ఆ వస్తువునకు పుట్టుకతో వచ్చిన గుణము కాదనియు, ఇంజను, బరువు, వెనుక ఇరుసు, నడపువాని అలవాటు అను నాలుగింటి కలయికలో మాత్రమే దానికి అర్థమేర్పడుననియు గ్రహింపనివారు రెండుసార్లు డబ్బు పెట్టుదురు.

ఓడల నుండి కార్లకు

ఈ యంత్రము భూమిపై పుట్టినది కాదు. స్టెట్టిన్ రేవులోని వుల్కాన్ నౌకాశాలయందు పనిచేయుచుండిన హెర్మన్ ఫోటింగర్ అను జర్మను ఇంజనీరు, మహావేగమున తిరుగు ఆవిరి టర్బైనును, మందగతిని తిరుగవలసిన ఓడ ప్రొపెల్లరుతో జతపరచుట యెట్లను చిక్కునకు పరిష్కారముగా, ద్రవము ద్వారా శక్తిని అందించు విధానమును కనిపెట్టి 1905లో పేటెంటు పొందెను. అమెరికాలో 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్‌తో వచ్చిన హైడ్రామాటిక్‌లో ఉండినది ద్రవ కప్లింగు మాత్రమే. అది శక్తిని అందించునే గాని టార్కును హెచ్చింపదు. హెచ్చించు గుణము గల నిజమైన కన్వర్టరు 1948లో బ్యూయిక్ వారి డైనాఫ్లోతోను, 1950లో షెవర్లే వారి పవర్‌గ్లైడ్‌తోను సామాన్య గృహస్థుల కార్లలోనికి వచ్చెను.

అటుపై 1964లో రెండు ముఖ్య సంఘటనలు ఒకేసారి జరిగెను. మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళములకు మించిన ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్ సంస్థ తనకు తాను విధించుకొనిన నియమమును, పాంటియాక్ విభాగమున ప్రధాన ఇంజనీరుగా నుండిన జాన్ డిలోరియనును అతని సహచరులును చాకచక్యముగా తప్పించుకొని, టెంపెస్ట్ కారులో 389 ఘనపుటంగుళముల ఇంజనును కోరినవారికి మాత్రమే ఇచ్చు అదనపు అమరికగా పెట్టి, జీటీఓ అను పేర విడుదల చేసిరి. తొలి సంవత్సరముననే 32,450 బండ్లు అమ్ముడుపోగా పై అధికారుల కోపము చల్లారినది. అదే సంవత్సరమున టర్బో హైడ్రామాటిక్ 400 అను గట్టి ఆటోమాటిక్ గేరుపెట్టె వెలువడెను. క్రైస్లర్ వారి టార్క్‌ఫ్లైట్ 727, 1966లో వచ్చిన ఫోర్డ్ వారి సీ-6, ఈ టర్బో 400తో కూడి మూడును ఆ కాలపు బలిష్ఠమైన ఇంజనులను మోసిన పెట్టెలు. క్లచ్చి పెడలు లేని బండి పందెమునకు పనికిరాదను అపవాదును చెరిపివేసిన ఘనత వీనిదే.

డొల్ల లోపల రెక్కలు గల చక్రములు మూడు కలవు. మొదటిది పంపు, అది డొల్లకే అతుకబడి ఇంజనుతోపాటు తిరుగుచు, నూనెను కేంద్రమునుండి అంచునకు విసరును. ఆ నూనె రెండవదైన టర్బైను రెక్కలను తాకి దానిని త్రిప్పి, గేరుపెట్టెలోనికి పోవు కడ్డీని కదలించును. పని ముగించుకొని కేంద్రమునకు మరలివచ్చు నూనె పంపు తిరుగు దిశకు ఎదురుగా వచ్చును. దానినట్లే వదలినచో పంపునకు అడ్డుతగిలి శక్తిని హరించును. కనుక నడుమ మూడవదైన స్టేటరు నిలిచి, దాని త్రోవ మరల్చి, పంపునకు తోడ్పడునట్లు పంపును. ఫోటింగర్ ప్రజ్ఞ అంతయు ఈ మూడవ చక్రముననే ఉన్నది. టర్బైను నిశ్చలముగా నుండి పంపు గిరగిర తిరుగుచున్నప్పుడు, ఇంజను ఇచ్చిన టార్కు రమారమి రెండింతలై వెనుకకు చేరును. టర్బైను వేగము పంపు వేగములో తొమ్మిది పదవవంతులకు చేరగానే, ఒకే దిశకు తిరుగనిచ్చు క్లచ్చి సడలి స్టేటరు కూడ తిరుగసాగును. అంతటితో హెచ్చవేత ముగిసి, అది సామాన్యమైన కప్లింగుగా మారును. అనగా పంపు కంటె టర్బైను వెనుకబడు జారుడున్నంతసేపే లాభము. కాని ఆ జారుడే నూనెను మరగించు వేడి. ఎంత జారుడు, ఎప్పుడు, ఎంతసేపు అను ప్రశ్నలకు జవాబు చెప్పుకొనుటయే కన్వర్టరును ఎన్నుకొనుట.

స్టాల్ అంకె చెప్పునది, చెప్పనిది

టర్బైనును కదలనీయక పట్టి, యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కినచో ఇంజను ఎన్ని చుట్ల వరకు ఎగబ్రాకి ఆగిపోవునో దానినే స్టాల్ వేగమందురు. ఫ్యాక్టరీ నుండి వచ్చిన సామాన్య కన్వర్టర్లకు ఇది నిమిషమునకు 1,600 నుండి 1,800 వరకు ఉండుట పరిపాటి. అంగళ్ళలో 2,400 అనియు, 3,000 అనియు, 3,500 అనియు అమ్మునవి దీనికి పైస్థాయివి.

ఇచట మొదటి భ్రమను తొలగింపవలసియున్నది. 3,000 స్టాల్ గల కన్వర్టరు పెట్టిన బండి 3,000 చుట్లు వచ్చువరకు కదలదని పలువురు నమ్ముదురు. అది శుద్ధ అబద్ధము. కాలు మెల్లగా మోపిన బండి 1,200 చుట్లకే హాయిగా కదలిపోవును; స్టాల్ అంకె పూర్తి థ్రాటిల్‌కు, పూర్తి భారమునకు చెప్పిన హద్దు. ఐనను హద్దు ఎత్తైనకొలది, తేలికగా నడపునప్పుడు సైతము ఇంజను ముందు అరచుటయు బండి వెనుక కదలుటయు అధికమగును. ఆ ఎడబాటు నెలనాళ్ళలో విసుగు పుట్టించును.

రెండవ భ్రమ ఇంకను ఖరీదైనది. ఒకే కన్వర్టరు వేరువేరు ఇంజనుల వెనుక వేరువేరు స్టాల్ చూపును. స్టాల్ వేగము టార్కు యొక్క వర్గమూలమును అనుసరించి పెరుగును. 300 పౌండ్-అడుగుల టార్కు గల ఇంజను వెనుక 2,400 వద్ద నిలిచిన వస్తువు, 450 పౌండ్-అడుగుల ఇంజను వెనుక 2,940 దాకా పోవును. చిన్న 350 ఇంజను గల మిత్రుడు మెచ్చిన కన్వర్టరును 454 ఇంజను గలవాడు కొని పెట్టుకొని, తనకు వేరొక వస్తువు నంటగట్టిరని అంగడివానితో కలహించుటకు కారణమిదియే. వ్యాసమును బట్టి వచ్చు తేడా ఇంకను తీవ్రము: రెక్కల రూపు మారకుండ వ్యాసము మాత్రము తగ్గించినచో టార్కును మోయు శక్తి ఐదవ ఘాతము చొప్పున పడిపోవును. 12 అంగుళముల డొల్ల 1,800 వద్ద నిలిచినచో, అదే రూపున 10 అంగుళములకు కుదించినది 2,800 దాటును. పెద్ద స్టాల్ గల కన్వర్టర్లు చేతిలో చిన్నవిగా కనిపించుట ఇందుచేతనే.

మరి టార్కు లెక్క ఎచటనుండి తెత్తుము? పాత అమ్మకపు కరపత్రములను నమ్మరాదు. 1971 వరకు కంపెనీలు ఇంజనును బల్లపై నొంటరిగా నిలిపి, ఫ్యానును, గాలి వడపోతను, బండికి బిగించు సైలెన్సరును తీసివేసి కొలిచిన స్థూలమైన అంకెలనే ప్రకటించెడివి. 1972 నుండి బండిలో ఉన్న స్థితిలో కొలిచిన నికరపు అంకెలు వచ్చినవి. ఒకే ఇంజను ఒక్క సంవత్సరములో అంత క్షీణించినట్లు కనబడుటలో సగము మాయ ఈ కొలతలదే.

ఒక షెవెల్, రెండు కోరికలు

మాటలు గాలిలో నుండనేల? 1969 నాటి షెవెల్ ఎస్ఎస్ 396 నొకదానిని తీసికొందము. ఇంజనుకు కంపెనీ చెప్పిన లెక్క 350 అశ్వశక్తి, 3,400 చుట్ల వద్ద 415 పౌండ్-అడుగుల టార్కు. గేరుపెట్టె టర్బో హైడ్రామాటిక్ 400. మనిషితో కూడ బరువు 1,700 కిలోలకు అటునిటు. వెనుక ఇరుసు నిష్పత్తి 3.31, టైరు ఎత్తు 26 అంగుళములు. ఈ బండి గంటకు 60 మైళ్ళు, అనగా సుమారు 97 కిలోమీటర్లు, పోవునప్పుడు జారుడు లేదనుకొన్నను ఇంజను 2,570 చుట్లు తిరుగుచుండును.

ఇప్పుడు ఇంజను కోరిక వేరు, రోడ్డు కోరిక వేరు. టార్కు శిఖరమునకు అయిదారు వందల చుట్లు క్రిందుగా స్టాల్ ఉండవలెనన్నది ఇంజను పక్షమున వాదించు పాత సూత్రము. ఆ లెక్కన 2,800 కావలెను. నిత్యము ప్రయాణించు వేగమున ఇంజను తిరుగు చుట్లకు స్టాల్ కొంచెము దిగువగానే యుండవలెనన్నది రోడ్డు పక్షపు సూత్రము. ఆ లెక్కన 2,200 చాలును. నేను నిస్సంకోచముగా రోడ్డు పక్షమునకు మొగ్గుదును. ఏలయన ఈ బండి తన ఆయుస్సులో నూటికి తొంబదివంతులు పావు థ్రాటిల్‌లోనే గడపును. ఎఱ్ఱదీపము పచ్చబడగానే త్రొక్కు ఆ రెండు క్షణములకొరకు మిగిలిన గంటలన్నిటిని తాకట్టు పెట్టుట వ్యాపారము కాదు. ఐనను పాత 1,700 వద్దనే ఉంచుమని నేననను. 2,400కు పెంచినచో దూకుడులో తేడా వెన్నునకు తెలియును, ప్రయాణములో తేడా చెవికి సైతము సరిగా తెలియదు.

ఇరుసు మారినచో తీర్పు మారును. అదే బండికి 2.73 ఇరుసు ఉన్నచో 60 మైళ్ళ వద్ద ఇంజను 2,120 చుట్లే తిరుగును. అట్టివాడు 2,000 దాటకుండుట మేలు. 4.10 ఇరుసు గలవాడు 3,180 చుట్లతో ప్రయాణించును కనుక 2,800ను నిశ్చింతగా పెట్టుకొనవచ్చును. ఆ రొదను భరించు భార్యాపిల్లలు ఉన్నారా యన్నది వేరు విషయము.

కామ్‌షాఫ్టు మాట చెప్పక తప్పదు. వాల్వులు ఎక్కువసేపు తెరచియుండునట్లు చెక్కిన కామ్ పైవేగములందు బలమిచ్చి, క్రిందివేగములందు ఇంజనును నీరసపరచును. ఐడిల్‌లో వాక్యూము పడిపోవును, పవర్ బ్రేకులు గట్టిపడును. అట్టి ఇంజను వెనుక పాత బిగువైన కన్వర్టరున్నచో, డ్రైవులో పెట్టగానే ఇంజను కుంగి, వణకి, ఒక్కొక్కసారి ఆగిపోవును. కామ్ కార్డుపై 0.050 అంగుళముల వద్ద వ్రాసిన డ్యురేషను 215 డిగ్రీలలోపు ఉన్నచో ఫ్యాక్టరీ కన్వర్టరే నడచును. 230 దాపునకు వచ్చినచో 2,500 వరకు కావలసివచ్చును. 240 దాటినచో 3,000 తప్పనిసరి యగును. పెద్ద కామ్ పెట్టి చిన్న కన్వర్టరుతో బాధపడువారు కొందరు, కామ్‌ను ముట్టకయే పెద్ద కన్వర్టరు పెట్టి నూనెను మాడ్చువారు కొందరు. వీరిలో రెండవవారి జబ్బునకే చికిత్స ఖరీదెక్కువ.

వేడి లెక్క

జారుడు ఊరక పోదు. హైవేపై ఇంజను 40 అశ్వశక్తి నిచ్చుచుండగా అయిదు శాతము జారినచో రెండు అశ్వశక్తులు, అనగా ఒకటిన్నర కిలోవాట్లు, ఎడతెగక నూనెలో వేడిగా దిగుచుండును. పదునైదు శాతము జారినచో నాలుగున్నర కిలోవాట్లు. నూనె 80 డిగ్రీల సెల్సియస్ దాటిన పిమ్మట ప్రతి పదకొండు డిగ్రీలకును దాని ఆయుస్సు సగమగునని మెకానిక్కులు చెప్పుకొను లెక్క. కరారావుడి లెక్క కాకపోవచ్చును గాని, మాడిన నూనె కంపును ఒకసారి ఆఘ్రాణించినవారెవ్వరును దానితో వాదింపరు. బ్రేకు త్రొక్కిపట్టి స్టాల్ పరీక్ష చేయునప్పుడు ఇంజను శక్తి యంతయు నూనెలోనికే పోవును. అయిదు క్షణములు మించరాదు. పైగా ఆ పరీక్ష బ్రేకుల పట్టును, టైర్ల పట్టును కొలుచునే గాని కన్వర్టరును కాదు. బలిష్ఠమైన ఇంజను నిజమైన స్టాల్‌ను చేరకమునుపే వెనుకచక్రములు గిరగిర తిరిగిపోవును. నిలిచియున్న బండిని ఒక్కసారిగా త్రొక్కి, టాకోమీటరు ముల్లు ఎగిరి ఎచట తటాలున తడబడునో చూచుట మేలైన మార్గము; అంగళ్ళవారు ఫ్లాష్ స్టాల్ అనునది ఇదే. బరువైన బండియందును, చిన్న నిష్పత్తి గల ఇరుసుతోను ఈ అంకె కొంచెము హెచ్చుగా కనబడును.

ఈ వేడికి విరుగుడు పాతకాలమువారికి తెలియనిది కాదు. 1949లోనే ప్యాకార్డ్ వారి అల్ట్రామాటిక్‌లో వేగమందుకొన్న పిమ్మట కన్వర్టరును బిగించి జారుడును రూపుమాపు లాకప్ క్లచ్చి యుండెను. బ్యూయిక్, ఓల్డ్స్‌మొబీల్, కాడిలాక్ కార్లకు 1965 నుండి 1967 వరకు వచ్చిన టర్బో 400 పెట్టెలలో స్టేటరు రెక్కల కోణమే మారెడిది: దూకునప్పుడు ఎక్కువ స్టాల్, ప్రయాణమున తక్కువ స్టాల్. ఖర్చుకు జంకి దానిని మానివేసిన కంపెనీ లెక్కలగుమాస్తాలను నేను నేటికిని క్షమింపలేను. ఓవర్‌డ్రైవు కావలెనని 1982లో పుట్టిన 700-ఆర్4 పెట్టెను పాత బండిలో పెట్టించుకొనువారికి లాకప్ గల కన్వర్టరు తప్పదు, 0.70 నిష్పత్తి గల నాలుగవ గేరులో ఇంజను వేగము అంత పడిపోవును గనుక, లాకప్ లేనిచో జారుడు అదుపు తప్పును.

వస్తువు నాణ్యము ఒక మాటలో చెప్పవలెనన్న, పాత పెద్ద డొల్లను కోసి రెక్కలు వంచి స్టాల్ పెంచిన చౌకసరకు అన్ని వేగములందును జారును. తగిన స్టేటరుతో చిన్న డొల్లగానే రూపొందించినది త్రొక్కినప్పుడు మాత్రము జారి, తక్కినవేళ బిగువుగా నుండును. రెక్కలు కొలిమిలో బ్రేజింగు చేసినవా, లోపల సూదిబేరింగులు ఉన్నవా అని అడుగుడు. తయారుచేయువాడు తిరిగి మిమ్ములను బండి బరువు, కామ్ కార్డు, కంప్రెషను, ఇరుసు, టైరు ఎత్తు అడుగవలెను. ఇవేవియు అడుగక అంకె చెప్పి అమ్మువాడు నడుము కొలువక వడ్డాణము చేయు కంసాలి వంటివాడు. మీరును నిజమే చెప్పుడు. బండి డ్రాగ్ పందెపుదారి మొగము చూడనిచో చూడదనియే చెప్పుడు.

బిగింపు

ఎంత మంచి కన్వర్టరైనను బిగించునాడు చచ్చిపోగలదు. ముందుగా దానిని నోరు పైకి పెట్టి ఒక లీటరు నూనె పోసి నాననీయవలెను. గేరుపెట్టె కడ్డీపై కెక్కించి, రెండు చేతులతో త్రిప్పుచు లోనికి నెట్టినకొలది టర్బైను పండ్లు ఒకటి, స్టేటరు పండ్లు ఒకటి, కడపట గేరుపెట్టె నూనెపంపు గాడి ఒకటి, ఇట్లు మూడుమార్లు అది లోనికి దిగుట అరచేతికి స్పష్టముగా తెలియును. మూడవ దిగుడు రానిదే పని పూర్తి కాదు. గేరుపెట్టెను ఇంజనునకు బిగించిన పిమ్మట, కన్వర్టరు ముఖమునకును ఫ్లెక్స్‌ప్లేటునకును నడుమ మూడు నుండి అయిదు మిల్లీమీటర్ల సందు మిగులవలెను. దానిని వ్రేలితో త్రిప్పినచో తిరుగవలెను. సందు లేకున్నను బోల్టులతో లాగి బిగించినవారికి మొదటి స్టార్టింగుననే ఆ నూనెపంపు గేరు పగిలిపోవును. నూనె మట్టము చూచునప్పుడు టర్బో 400ను పార్కులోను, టార్క్‌ఫ్లైట్‌ను న్యూట్రల్‌లోను ఉంచవలెను. టార్క్‌ఫ్లైట్ పార్కులో నుండగా కన్వర్టరునకు నూనె పోదు.

మీ బండి పైన చెప్పిన షెవెల్ వంటిదై, కామ్ కంపెనీదే యైనచో, 2,400 చూపు 11 అంగుళముల కన్వర్టరు చాలును. దానికి మించిన అంకె నెవరు చెప్పినను వినకుడు. ఏ కన్వర్టరునకైనను వెల చెల్లించుటకు ముందే రేడియేటరు ఎదుట ఒక ఆయిల్ కూలరును, డాష్‌బోర్డుపై గేరునూనె వేడిని చూపు గేజి నొకదానిని బిగించుకొనుడు.